ఆర్నెల్ల లాగ్ దాచమన్నారు సరే, రాస్తున్నామో లేదో అడగరేం?

దేశంలో సైబర్ ఘటనలను చూసే సంస్థ సెర్ట్-ఇన్ డైరెక్టర్ జనరల్ గారికి,

2022 ఏప్రిల్ 28న ఐటీ చట్టంలోని 70బి సెక్షన్ కింద మీ సంస్థ ఇచ్చిన ఆదేశాల గురించి ఈ ఉత్తరం. సైబర్ ఘటన ఏదైనా తెలిసిన 6 గంటల్లో మీకు చెప్పాలన్నారు. సర్వర్ల గడియారాలను ఎన్‌ఐసీ, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీల టైమ్ సర్వర్లతో సరిచూసుకోవాలన్నారు. అన్ని వ్యవస్థల్లోనూ ఎవరొచ్చారు, ఏం జరిగిందని రాసుకునే లాగ్‌లు ఆన్ చేసి, వాటిని 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలన్నారు. మూడూ కావలసినవే. ఆదేశాలు వచ్చిన కొత్తలో రేగిన వివాదం ఎక్కువగా ఆ 6 గంటల చుట్టూ, వీపీఎన్ కంపెనీల చుట్టూ తిరిగింది. లాగ్‌ల మీద జరిగిన కాస్త చర్చా వాటిని దేశంలో దాచాలా, బయటా దాచవచ్చా అన్న దగ్గరే ఆగింది. నా అభ్యంతరం వేరు. దాచడం గురించి ఇంత చెప్పిన ఆదేశం, రాయడం ఆగిపోతే ఏం చేయాలో చెప్పలేదు. ప్రజల వివరాలు, డబ్బు లెక్కలు అన్నీ ఉండే డేటాబేస్ సర్వర్ల దగ్గర ఇది చిన్న లోటు కాదు.

లాగ్‌లు ఆన్ చేయమని మేం చెప్పాం కదా, ఆన్ చేస్తే అవే రాసుకుంటాయి కదా అని మీరు అనవచ్చు. ఆన్‌లో ఉండటం వేరు, రాస్తుండటం వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌లో మామూలుగా జరిగే ఒక సంగతి చెబుతుంది. లాగ్ ఫైలు పెరిగిపోకుండా లినక్స్‌లో లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాం రోజుకోసారి వచ్చి, ఉన్న ఫైలుకు పేరు మార్చి పక్కన పెట్టి, పాత పేరుతో ఖాళీ ఫైలు ఒకటి తెరుస్తుంది. అంతటితో పని పూర్తి కాదు. పేరు మారిన విషయం సర్వర్‌కు తెలియదు. అది ఫైలును పేరుతో కాదు, తెరిచినప్పుడు చేతికొచ్చిన పట్టుతో గుర్తుంచుకుంటుంది. కాబట్టి పాత ఫైలు మూసి కొత్తది తెరవమని సర్వర్‌కు ఎవరో చెప్పాలి. ఆ మాట చెప్పేది లాగ్‌రొటేట్ చివర నడిచే చిన్న స్క్రిప్టు. అది మైఎస్‌క్యూఎల్‌లోకి లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ ఉండాలి. ఇప్పుడు భద్రతా తనిఖీ జరిగిందనుకుందాం. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చమని ఆడిటర్ రాశాడు, మార్చారు, స్క్రిప్టు చదివే ఫైల్లో మాత్రం పాతదే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచి స్క్రిప్టు విఫలమవుతుంది. డేటాబేస్ దివ్యంగా నడుస్తుంటుంది. సెట్టింగ్ అడిగితే లాగ్ ఆన్‌లోనే ఉందంటుంది. లాగ్ ఉండాల్సిన చోట సరైన పేరుతో, సరైన అనుమతులతో, ఈరోజు తేదీతో ఒక ఫైలు ఉంటుంది. దాని పరిమాణం సున్నా బైట్లు. భద్రత కోసం చేసిన పనే భద్రతకు సాక్ష్యం లేకుండా చేసింది, అదీ ఆడిటర్ సంతకం సాక్షిగా!

ఇంతకీ సర్వర్ రాస్తున్న మాటలు ఎక్కడికి పోతున్నట్టు? కొన్నాళ్లు ఆ పేరు మారిన ఫైల్లోకే పోతాయి. తర్వాత రొటేషన్‌లో దాని వంతు వచ్చి అదీ తొలగిపోతుంది. లినక్స్‌లో తొలగించడమంటే పేరు తీసేయడమే. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉన్నంతసేపూ లోపలి సరుకు డిస్క్ మీదే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. ఫోల్డర్లో వెతికితే కనబడదు. డిస్క్ ఎంత నిండిందని డీఎఫ్ కమాండ్‌తో అడిగితే దాదాపు నిండిందంటుంది. ఫైళ్లన్నీ కలిపి ఎంతున్నాయని డీయూతో కూడి చూస్తే సగం కూడా లేవంటుంది. ఈ రెండు లెక్కలూ కలవకపోతే, తొలగించిన ఫైలును ఎవరో పట్టుకొని ఉన్నారేమోనని అనుమానించాలి. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ కొడితే, మైఎస్‌క్యూఎల్ పేరు పక్కన ఆ ఫైలు, దాని చివర ‘డిలీటెడ్’ అన్న మాట కనబడతాయి. సర్వర్ నడుస్తున్నంతసేపూ ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబరు కిందికి వెళ్లి, అది పట్టుకున్న ఫైలును ఒక్క కాపీ కమాండ్‌తో బయటికి తీసుకోవచ్చు. పోయిందనుకున్న వారాల తరబడి లాగ్ చేతికొస్తుంది.

కానీ మన ఆఫీసుల్లో జరిగేది అది కాదు. డిస్క్ నిండుతోందని అలారం మోగుతుంది, ఎవరో సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. వెంటనే అంతా బాగైపోతుంది. పట్టు వదిలింది కాబట్టి స్థలం ఖాళీ అవుతుంది, కొత్త ఫైల్లో లాగ్ మొదలవుతుంది, టికెట్ మూసేస్తారు. ఆ క్షణంలోనే పాత లాగ్ శాశ్వతంగా చెరిగిపోతుంది. లక్షణాన్ని మాన్పిన మందే సాక్ష్యాన్ని మింగేసింది. ఆ వారాల్లో ఎవరు లాగిన్ అయ్యారో, ఎన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టారో ఇక ఎవరూ చెప్పలేరు. డేటాబేస్ లాగ్ ఆగిపోయినప్పుడు చేయకూడని మొదటి పని రీస్టార్ట్ అని నేననేది ఇందుకే. మీ ఆదేశాల్లో ఈ ఒక్క హెచ్చరిక ఉన్నా ఎన్నో ఆఫీసుల్లో సాక్ష్యం మిగిలేది.

లాగ్ ఆగడానికి మిగతా కారణాలు ఇంత తమాషాగా ఉండవు, కానీ వాటి దగ్గరా కళ్లు మోసపోతాయి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం స్థలాన్ని రూట్ యూజర్ కోసం పక్కన ఉంచుతుంది. మిగతా స్థలం నిండిపోయాక అడ్మిన్ రూట్‌గా వెళ్లి ఏదో రాసి చూస్తాడు, రాస్తుంది, డిస్క్ బాగానే ఉందంటాడు. డేటాబేస్ మాత్రం తన సొంత యూజర్‌గా నడుస్తోంది, దానికి ఒక్క బైటు దొరకదు. పరీక్ష ఎప్పుడూ సర్వర్ ఏ యూజర్‌గా నడుస్తోందో ఆ యూజర్‌గానే చేయాలి. లాగ్ ఫోల్డర్ మార్చినప్పుడు లినక్స్‌లోని అదనపు భద్రతా కాపలా ఎస్‌ఈలినక్స్ అడ్డుపడుతుంది, మామూలు అనుమతుల జాబితాలో దాని జాడ ఉండదు. ఇక ఆగకుండానే ఆగినట్టు కనిపించే సందర్భాలు వేరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లాగ్ టైమ్‌జోన్ యూటీసీలో ఉంటే మనకు తెల్లవారుజాము 5:30 దాకా లాగ్ నిన్నటి తేదీ ఫైల్లోనే పడుతుంది. కొత్త ఫైలు తెరవలేకపోయినప్పుడు అది ఆటోమేటిక్ రొటేషన్ ఆపుకొని పాత దాంట్లోనే రాసుకుపోతుంది. ఇప్పుడు ఏ ఫైల్లో రాస్తున్నావని సర్వర్‌నే అడిగే ఫంక్షన్ పదో వెర్షన్ నుంచి ఉంది. ఫోల్డర్ చూసి కంగారు పడేముందు దాన్ని అడగడం మేలు.

ఇక్కడ మాట తికమక ఒకటి విడదీయాలి, ఎందుకంటే దాని వల్ల సర్వర్లే పోయాయి. డేటాబేస్‌లో లాగ్ అనే పేరుతో రెండు వేర్వేరు సరుకులున్నాయి. పాత షావుకారు దుకాణంలో రోజువారీ లావాదేవీలు ముందు చిట్టాలో ఎక్కి, తర్వాత ఆవర్జాకు చేరేవి. డేటాబేస్ కూడా ప్రతి మార్పునూ ముందు ఒక చిట్టాలో రాసుకొని, ఆ తర్వాత అసలు పట్టికల్లోకి ఎక్కిస్తుంది. ఆ చిట్టా పోతే ఆవర్జా తిరిగి నిలబడదు. రెండోది, ఎవరొచ్చారు, ఏ తప్పు జరిగిందని రాసే కాపలావాడి రిజిస్టరు. నేను మాట్లాడుతున్నది ఈ రెండో దాని గురించి. డిస్క్ నిండిన కంగారులో పేరులో లాగ్ అని ఉంది కదా అని జనం మొదటి దాన్నే చెరిపేసేవారు. చివరికి 2017లో పోస్ట్‌గ్రెస్ పదో వెర్షన్‌లో ఆ చిట్టా ఫోల్డర్ పేరు పీజీ ఎక్స్‌లాగ్ నుంచి పీజీ వాల్‌గా మార్చారు. జనం వీటిని పనికిమాలిన లాగ్ ఫైళ్లనుకొని చెరిపి, తిరిగిరాని నష్టం తెచ్చుకుంటున్నారని విడుదల పత్రంలోనే కారణం రాశారు. లాగ్ అంటే చెత్త, స్థలం కావాలంటే ముందు ఊడ్చేయవలసింది అదే అన్న భావం ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడండి. పేరు మార్చడంతో చిట్టా బతికింది. రిజిస్టరుకు ఆ అదృష్టం లేదు.

రాయలేని పరిస్థితి వస్తే సర్వర్ ఏం చేయాలి? రాయకుండానే నడవాలా, నడక ఆపాలా? ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఒకే జవాబు లేదు, డేటాబేస్‌లు తయారుచేసినవాళ్లే తలో మాట చెప్పారు. ఒక్క ముక్క కూడా పోకూడదన్న ఉద్దేశంతో పోస్ట్‌గ్రెస్ లాగింగ్ కలెక్టర్‌ను రూపొందించారు. రాసేవాడు వెనకబడితే మిగతా ప్రాసెస్‌లు ఆగి ఎదురుచూడటానికైనా సిద్ధపడ్డారు. యూనిక్స్‌లో లాగ్‌లు రాసే సిస్‌లాగ్ దీనికి తలకిందులు, రాయలేకపోతే సందేశాన్ని వదిలేస్తుంది. ఒరాకిల్‌లో చిట్టా కోవకే చెందిన ఆర్కైవ్ లాగ్‌కు స్థలం చాలకపోతే ఓఆర్‌ఏ-00257 అన్న తప్పు చూపి పని నిలిపేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆడిట్‌లో మూడు దారులున్నాయి: కొనసాగడం, ఆ ఒక్క పనిని తిరస్కరించడం, సర్వర్‌నే ఆపేయడం. మనం ఏమీ చెప్పకపోతే కొనసాగడమే. మైఎస్‌క్యూఎల్ కథ మరీ ఆసక్తికరం. చిట్టా లాంటిదే అయిన దాని బైనరీ లాగ్ రాయలేని పరిస్థితి వస్తే, మొదట్లో సర్వర్ ఆ లాగ్‌ను ఆపేసి తన దారిన తాను నడిచేది. 5.7.7 వెర్షన్ నుంచి డిఫాల్టు తిరగబడింది, రాయలేకపోతే సర్వరే ఆగిపోతుంది. లాగ్ లేకుండా నడవడం మామూలు సంగతి కాదని దాన్ని కట్టినవాళ్లే మనసు మార్చుకున్నారన్నమాట.

అయితే లాగ్ రాయలేదని సేవ ఆపేస్తారా అని మీ దగ్గరికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. రేషన్ దుకాణం ముందు వేలిముద్ర వేసి నిలబడ్డ ముసలమ్మకు, లాగ్ ఫైలుకు చోటు లేదని బియ్యం ఆపడం అన్యాయం. ఆసుపత్రిలో మందుల చీటీ తెరుచుకోకపోతే ఇంకా అన్యాయం. అలాగని ఖజానా నుంచి చెల్లింపులు వెళ్లే సర్వరో, భూమి హక్కులు మార్చే సర్వరో ఎవరు ఏం మార్చారో రాయకుండా గంటల తరబడి నడవడం ఒప్పుకోదగ్గదా? కాదు. అందుకే అందరికీ ఒకే నియమం పెట్టమని నేను అడగడం లేదు. ప్రతి సంస్థా తన ఒక్కో డేటాబేస్‌కూ, లాగ్ ఆగితే నడుస్తుందా, ఆగుతుందా అన్నది ముందే నిర్ణయించి, బాధ్యుల సంతకంతో కాగితం మీద పెట్టాలి. నేను చెబుతున్నది అంతే. ఈరోజు ఆ నిర్ణయం చేస్తున్నది సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన డిఫాల్టు.

రెండో అభ్యంతరం ఇంజినీర్ల నుంచి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న సర్వర్ పెద్దగా మాట్లాడదు, నిశ్శబ్దానికల్లా అలారం మోగిస్తే అర్ధరాత్రి అందరినీ లేపడమే అవుతుంది అంటారు. నిజమే. పోస్ట్‌గ్రెస్ పాత వెర్షన్లలో ఏ తప్పూ జరగకపోతే చాలాసేపు ఒక్క వాక్యం కూడా పడకపోవచ్చు. చిట్టాలోని మార్పులను పట్టికల్లోకి దించే చెక్‌పాయింట్ల సంగతి దానంతటదే రాయడం 2022లో వచ్చిన పదిహేనో వెర్షన్ నుంచే మొదలైంది. కాబట్టి మౌనం నుంచి ఏమీ తేల్చలేం. చేయాల్సింది మౌనం లేకుండా చూసుకోవడం. యూనిక్స్ పెద్దలు ఈ చిక్కును ఏనాడో తీర్చారు. పాత సిస్‌లాగ్ 20 నిమిషాలకోసారి ‘మార్క్’ అని ఒక ఉత్త గీత రాసేది. అందులో సమాచారమేమీ లేదు, రాసేవాడు మెలకువగా ఉన్నాడన్న కబురు తప్ప. అర్ధరాత్రి వీధిలో గూర్ఖా కర్రతో నేలను కొట్టే చప్పుడు లాంటిదది. డేటాబేస్‌లోనూ గంటకోసారి ఒక తెలిసిన వాక్యాన్ని లాగ్‌లోకి పంపి, అది చేరవలసిన చివరి చోట చేరిందో లేదో చూడటానికి రెండు మూడు లైన్ల స్క్రిప్టు చాలు. చేరకపోతేనే అలారం. సున్నా బైట్ల ఫైలు కథ ఇక్కడ గంటలోనే బయటపడేది.

మా లాగ్‌లన్నీ ఎప్పటికప్పుడు సెంట్రల్ సర్వర్‌కు వెళ్లిపోతాయి, మాకీ బెడద లేదని పెద్ద కంపెనీలు చెబుతాయి. పంపే ఏజెంటు కూడా ప్రోగ్రామే, అదీ నిద్రపోతుంది. 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్‌కే ఇది జరిగింది. లాగ్‌లు చేరవేసే అంతర్గత ఏజెంటులో ఒక లోపాన్ని సరిచేయబోతే మరో లోపం పుట్టి, సెప్టెంబరు 2 నుంచి 19 దాకా కొందరు ఖాతాదారుల భద్రతా లాగ్‌లలో ఖాళీలు ఏర్పడ్డాయని ఆ సంస్థే ఖాతాదారులకు తెలిపింది. లాగ్‌లను కాపు కాయడం కూడా వ్యాపారమైన చోటే ఖాళీ రెండు వారాలు దాటింది. మరి జిల్లా కేంద్రంలో ఒక్క మనిషి చూసుకునే సర్వర్ సంగతేమిటి? ఆ సంస్థ చేసిన ఒక పనిని మాత్రం మనం తీసుకోవచ్చు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ ఉందో చెప్పింది. మన దగ్గర ఆ వాక్యం రాయాలన్న నియమం మీ ఆదేశాల్లో లేదు.

ఖాళీ ఎప్పుడూ నిర్లక్ష్యం వల్లే వస్తుందని కూడా లేదు. దాడి పద్ధతులను వర్గీకరించే మైటర్ సంస్థ అటాక్ పట్టికలో లాగ్‌లను నోరు మూయించడాన్ని ఒక పద్ధతిగానే చేర్చింది. లోపలికి వచ్చినవాడు మొదట చూసేది రిజిస్టరెక్కడుందనే. డిస్క్ నిండి ఆగిన లాగూ, దొంగ ఆపిన లాగూ బయటి నుంచి ఒక్కలాగే ఉంటాయి. రీస్టార్ట్ చేసి టికెట్ మూసే అలవాటున్న చోట ఆ తేడా ఎన్నటికీ తెలియదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మనవాళ్లు అంటారు. మీరు 180 రోజులు ఉంచమన్నది ఆర్నెల్ల తర్వాతైనా వెనక్కి తిరిగి చూడటానికే కదా. ఆర్నెల్ల తర్వాత తెరిచి చూస్తే కావలసిన వారం మాత్రమే లేకపోతే ఆ నిబంధనకు అర్థం ఏముంది?

ఇది మరీ కొత్త కోరిక కాదు, మన ప్రభుత్వంలోనే ఇంకో శాఖ ఇప్పటికే అడిగింది. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ తేదీతో సహా రాసే ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపే వీలు ఉండకూడదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ పెట్టిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది సంవత్సరమంతా పనిచేసిందా అన్నది ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. ఉందా అని అడిగి ఊరుకోలేదు, ఏడాది పొడుగునా నడిచిందా అని అడిగారు. ఫలితం చూడండి. తర్వాత వచ్చిన వార్షిక నివేదికల్లో, సాఫ్ట్‌వేర్ స్థాయిలో లాగ్ ఉంది గానీ నేరుగా డేటాబేస్‌లో చేసే మార్పులకు లేదని చాలా కంపెనీల ఆడిటర్లు రాశారు. ఆ ప్రశ్న వేయకపోతే ఈ సంగతి బయటికే వచ్చేది కాదు. లెక్కల పుస్తకానికి ఉన్న నియమం పౌరుల వివరాలుండే సర్వర్‌కు ఎందుకు లేదు?

చిన్న సంస్థలకు ఇది భారమవుతుందన్న మాట ఎలాగూ వస్తుంది. 2022 ఆదేశాల అమలుకు చిన్న సంస్థలకు సెప్టెంబరు 25 దాకా గడువు పెంచారు, మంచిదే. కానీ నేను అడిగేదానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త లైసెన్సూ అక్కర్లేదు. గంటకోసారి నడిచే స్క్రిప్టు, ఒక పుస్తకం చాలు. లాగ్ ఆగిన ప్రతిసారీ మీకు చెప్పమని కూడా అనడం లేదు, అలా చేస్తే మీ ఆఫీసు డిస్క్ నిండిన కబుర్లతోనే నిండిపోతుంది. సంస్థ తన పుస్తకంలో రాసుకుంటే చాలు: ఎప్పుడు ఆగింది, ఎప్పుడు తెలిసింది, రీస్టార్ట్‌కు ముందు ఏం కాపీ తీశారు, కారణమేమిటి.

కాబట్టి మీరు చేయవలసింది చిన్నదే. ఘటన తెలిపే ఫారంలో గత 180 రోజుల్లో లాగ్‌లలో ఖాళీలున్నాయా, ఉంటే ఏ తేదీలన్న గడి ఒకటి చేర్చండి. మీ జాబితాలో ఉన్న ఆడిటర్లకు, సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసి టిక్కు పెట్టవద్దని, తమ ఎదుటే ఒక తప్పు పాస్‌వర్డ్ కొట్టించి అది లాగ్‌లో పడిందో లేదో చూడమని చెప్పండి. దానికి ఐదు నిమిషాలు పడుతుంది. వచ్చే సవరణ దాకా ఆగక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్